దూదిపింజ వణకని గోడ

బోథ్‌లో చలి మొదలైందంటే రూతవ్వ చేతిలో దూదిపింజ ఉంటుంది. పత్తి ఏరే చేతికి దూది కరువా! పింజను గోడ పక్కన పట్టుకుని మెల్లగా నడుస్తుంది. అది వణికిందంటే అక్కడ సందు ఉన్నట్టే, వెంటనే ఇంత మట్టిముద్ద పడాల్సిందే. ఈ ఏడు మరీ పంతం పట్టింది. పురిటికి వచ్చిన కూతురు స్తుతినీ ఇరవై రోజుల పసివాణ్ణీ “మీ ఇంట్ల చలి” అని హుస్నాబాద్ తీసుకుపోతానని వియ్యపురాలు దెబోరా కబురు పెట్టింది మరి. రూతవ్వ ఉత్తరపు గోడకు పత్తికట్టెల తడక కట్టి, దాన్నీ మట్టితో మెత్తింది.

ఆదివారం దెబోరా స్వెటరు, మఫ్లరు, శాలువాతో దిగింది. మనవణ్ణి ఒళ్ళో వేసుకుని మూలమూలా చూసింది. కాసేపటికి శాలువా తీసింది, మఫ్లరు తీసింది, చివరికి స్వెటరూ విప్పింది.

“ఇది ఇల్లా, ఇటుకబట్టీనా వదినె? జర తలుపు తియ్యి.”

“తియ్యనే తియ్య. పిలగాన్ని ఎప్పుడు తీస్కపోతవో జెప్పు.”

“గీ ఎచ్చదనం ఇడిసి యాడికి తీస్కపోత? నాకు సుత ఓ బొంత ఇయ్యి, నాల్రోజులుంట.”

రూతవ్వ పెట్టె తెరిచి మంచి బొంతే తీసి ఇచ్చింది. తలుపు మాత్రం తియ్యలేదు.