మా అత్తయ్య వేరు కాపురం

మా అత్తయ్యను వేరు పెట్టిన మహాతల్లిని నేనే. వీధిలో ఆ మాట ఎవరన్నా నిజమే కాబట్టి ఊరుకుంటాను. ఎందుకు పెట్టానో చెబితే మాత్రం వినేవాళ్లకు నవ్వొస్తుంది. నాకు ఇంకా రావడం లేదు.

అత్తయ్య ఇరవై ఆరేళ్లు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టింది. రోజుకూలీగా చేరింది, రోజుకూలీగానే మానేసింది. పర్మినెంటు చేయిస్తామని మాటిచ్చిన పెద్దమనుషులు ముగ్గురూ ఈలోగా రిటైరై హాయిగా పింఛను తీసుకుంటున్నారు. ఆవిడకు మిగిలింది మడతపెట్టే అలవాటొక్కటే. పాత పేపరు, ప్లాస్టిక్ సంచి, నా కుట్టుమిషను కింద రాలిన గుడ్డముక్క, ఏది కనబడినా నాలుగు మూలలూ కలిపి మడతేస్తుంది. ఓసారి మా ఆయన కుర్చీలో కునుకు తీస్తుంటే భుజం మీది తువ్వాలు లాగి మడతేసి అలమారాలో పెట్టేసింది.

పోయినేడు ఒంటరి వృద్ధులకు పింఛను అన్నారు. అత్తయ్యకు వయసు సరిపోయింది, పేదరికం సరిపోయింది, కొడుకే అడ్డొచ్చాడు. కొడుకింట్లో ఒకే పొయ్యి మీద వండింది తినే తల్లి ఒంటరిది కాదట. పొయ్యి వేరైతేనే కాపురం వేరట. ఆఫీసు వాళ్ల దృష్టిలో పేగుబంధం కన్నా గ్యాసు గొట్టానిదే పైచేయి.

"దానిదేముంది, వెనక గదిలో ఇంకో పొయ్యి పెడదాం. విచారణ కాగానే తీసేద్దాం," అన్నాను. ఆ తెలివి అచ్చంగా నాదే.

మా ఆయన బస్సుల మెకానిక్కు. "విప్పడం ఎప్పుడూ తేలికేనే. మళ్లీ బిగించేటప్పుడే ప్రాణం మీదికొస్తుంది," అన్నాడు. ఆయన మాట వినే అలవాటు నాకెలాగూ లేదు.

విచారణ ముందు రోజు అత్తయ్యను కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

"నన్ను నాలుగు తిట్లు తిట్టండి అత్తయ్యా. కోడలు అన్నం పెట్టదని చెప్పండి."

"కళ్లు పోతాయే! పెడుతున్నావుగా, ఏమని తిట్టను?"

"ఏదో ఒకటి. మొహమాటపడితే పింఛను రాదు మరి."

"నాకు అబద్ధం చేతకాదమ్మాయ్," అంది దిగులుగా.

ఆ మాట నేను సరిగ్గా పట్టించుకోవలసింది.

మర్నాడు ఆఫీసు నుంచి ఒకాయన ఫారాల సంచితో వచ్చాడు. వెనక గదిలో పొయ్యి చూశాడు. గిన్నె మూత తీసి, అన్నం వేడిగానే ఉందని రాసుకున్నాడు. నేను గయ్యాళి ముఖం పెట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాను.

"కోడలు చూసుకోదా పెద్దమ్మా?"

అత్తయ్య కొంగు విప్పి, మళ్లీ మడతేసి, అప్పుడు చెప్పింది.

"తిట్టదు బాబూ, అబద్ధమెందుకు? అన్నం పెడుతుంది. పెట్టేముందు గిన్నెలో ఎంతుందో ఓసారి చూస్తుంది. అది చూశాక నేను రెండోసారి అడగను."

ఆయన కలం ఆగింది. నా గయ్యాళి ముఖం ఎక్కడ జారిపోయిందో తెలియలేదు.

"ఇంకా?"

"ఇంకేముంది? చుట్టాలొస్తే నా మంచం సామాన్ల గదిలో వేస్తుంది. నేనేదన్నా చెప్పబోతే మిషను గట్టిగా తొక్కుతుంది. మంచి పిల్లే బాబూ. తీరిక లేదు, అంతే."

ఒక్క తిట్టు లేదు. తిట్టినా బాగుండేది.

ఆయన నా వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇదంతా నిజమేనా?"

కాదంటే పింఛను పోతుంది, అవునంటే పరువు పోతుంది. "అవునండీ," అన్నాను. 'అందుకే పొయ్యి వేరు' అని ఆఖర్న తనే కలిపి, ఆయన రాసిందంతా చదివి వినిపించి, కింద నా చేత సంతకం పెట్టించుకున్నాడు. కోడలిగా నా పనితనానికి అంత పక్కా సర్టిఫికెట్టు ఇంకెక్కడా లేదు.

ఆయన వెళ్లాక, "అత్తయ్యా, మీరు చెప్పినవన్నీ..." అని నసిగాను.

"నువ్వే కదే చెప్పమన్నావు," అంది ఎటో చూస్తూ.

పింఛను మంజూరైంది. పొయ్యి తీసేద్దామని వెళితే, అత్తయ్య దాని ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది.

"ఉండనీవే."

"ఇకెవరూ రారు, వచ్చేయండి అత్తయ్యా. గిన్నెలోకి చూడను, ఒట్టు!"

ఆవిడ నవ్వింది. "దానికి కాదే పిచ్చిదానా. చిన్నప్పుడు మా అమ్మ వండింది తిన్నా. పెళ్లయ్యాక మా అత్తకు నచ్చింది వండా. తర్వాత ఆసుపత్రి క్యాంటీను, ఆ తర్వాత నువ్వు. ఇవాళేం వండుకుందామని నన్ను నేను అడగడం ఇదే మొదలు. ఒక్కోరోజు పొద్దున్నంతా అదే ఆలోచిస్తా. ఎంత బాగుంటుందో!"

కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, అవి కనబడకుండా, "పోనీ, ఇవాళేం వండుతున్నారు?" అన్నాను.

"నీకెందుకే? మనవి వేరు కాపురాలు!"

గడప దాటుతుంటే వెనక నుంచి కేకేసింది. "ఆదివారం మీ ఇద్దర్నీ భోజనానికి పిలుస్తాలే. పిలిస్తేనే రావాలి, తెలిసిందా?"

ఇవాళ ఆదివారం. పన్నెండు దాటింది. ఉతికిన చీర కట్టుకుని కూర్చున్నాను. వెనక గదిలో గరిటె చప్పుడు ఆగి చాలాసేపయింది. మా ఆయన వంటింట్లోకి రెండుసార్లు తొంగి చూసి, "మనింట్లో ఏమీ వండలేదేం? ఒకవేళ అమ్మ మర్చిపోతే?" అని మొదలుపెట్టాడు.

"ష్," అన్నాను. "మీరు మాట్లాడుతుంటే ఆవిడ పిలిచినా వినబడదు."