కోసేసిన పచ్చ వైరు

మీ ఇంట్లో ఒక ఆడమనిషి "నల్లా కొరుకుతోంది" అంటే మీరు ముందు దేన్ని పరీక్షిస్తారు, ఆ కొళాయినా, ఆమెనా?

నేను చూసిన ఇంట్లో ఆమెనే పరీక్షించారు. మాదాపూర్‌లో కొత్త ఆఫీసు భవనాల కోసం బండలు పేలుస్తున్న రోజులవి. మేము ఒక ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. కింద ఇంటాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు. కోడలు పుట్టింట్లో కాన్పయి, మూడో నెలలో ఆడపిల్లతో తిరిగివచ్చింది. ఆ చలికాలమంతా పిల్ల ఏడుపు పైకి వినిపిస్తూనే ఉండేది. పాలకు తప్ప పిల్లను తల్లి చేతికి ఇవ్వడం లేదని మా ఆవిడ చెప్పింది. విషయమేమిటో అడుగుదామని కిందికి వెళ్ళాను.

ఇంటావిడ గుమ్మంలోనే చెప్పింది. "బాలింత గద సార్, నరాలల్ల సత్తువ లేదు. పోరి బట్టలు పిండబోతే చేతులు గుంజుతున్నయంటది, బకెట్ ఇడిసిపెడ్తది. రేపు పోరిని గిట్లనే ఇడిసిపెడ్తే? తల్లిగారింట్ల ఏం సోకిందో ఏమో. తాయెత్తు కట్టించినం."

"నాకేం రోగం లేదు సార్," లోపలినుంచి కోడలు అంది. "గిన్నె ముట్టుకుంటే గుంజదు, తలుపు ముట్టుకుంటే గుంజదు. నీళ్ళగదిల నల్లా ముట్టుకుంటెనే మోచేతి దాంక గుంజుతది."

ఆ ఇంట్లో ఆధారం చూపి మాట్లాడింది ఆ అమ్మాయి ఒక్కతే. కొడుకు తల్లి వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇంటాయన నవ్వాడు.

"నేను గూడ రోజు తానం జేస్త గద. నన్నెందుకు కొరకదు? నేనేమన్న దానికి చుట్టమా?"

అడగవలసిన ప్రశ్నే. కానీ జవాబు కోసం ఆయన ఆగలేదు. నేను ఒక్కొక్కటే అడిగాను. ఆయనకూ కొడుక్కూ బకెట్లో నీళ్ళు పట్టిపెట్టేది ఇంటావిడ. ఆమె కాళ్ళకు రబ్బరు చెప్పులు. నీళ్ళు పట్టగానే గీజరు ఆపేస్తుంది. పిల్ల బట్టలు ఉతికేటప్పుడు మాత్రం పని అయ్యేదాకా వేడినీళ్ళు కావాలి కనుక గీజరు నడుస్తూనే ఉంటుంది. కోడలు తడి బండ మీద వట్టి కాళ్ళతో కూర్చుంటుంది. నల్లా తిప్పేది ఆమే.

పైనుంచి టెస్టరు తెచ్చాను. గీజరు వేయించి, చెప్పులతోనే నిలబడి నల్లాకు ఆనించాను. అందులోని చిన్న దీపం ఎర్రగా వెలిగింది. గీజరు ఆపితే ఆరిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ వెలిగింది.

"గా టెస్టరు వట్టిగనే మెరుస్తది సార్," అన్నాడు ఇంటాయన.

"ఇగ దానిక్గూడ తాయెత్తు కట్టుండ్రి, మామయ్యా," అంది కోడలు.

ఆయన ముఖం వాడిపోయింది. అప్పుడు చెప్పాడు: "వాస్తు జూసేటాయన ఈశాన్యంల నిప్పేందన్నడు. కోడలు కాన్పుకు పోయినప్పుడు గీజరును ఆగ్నేయం గోడకు మార్పిచ్చిన. వైరు సాలకపోతే వేరేది అతికించిండ్రు. పాతదాంట్ల మూడు తీగలు, కొత్తదాంట్ల రెండే. పచ్చది ఉత్తదే, దాంట్ల కరెంటే రాదని అతికినోడు కోసేసిండు."

రాదు, నిజమే. అంతా బాగున్న రోజున ఆ పచ్చ తీగలో ఏమీ పారదు. గీజరు లోపల ఏదైనా చెడి దాని ఒంట్లోకి కరెంటు దిగితే, మనిషిని వదిలి నేలలోకి పోవడానికి దారి అదొక్కటే. అగ్నికి దిక్కు చూసిన మనిషి ఆ దారిని తెంపించాడు. తెగిన దారికి బదులు ఆ ఇంట్లో ఒక పసిబిడ్డ తల్లి ఒళ్ళు పనికివచ్చింది. ఇంకాస్త ఎక్కువ కరెంటు దిగి ఉంటే ఆమె చనిపోయేది. అప్పుడు కూడా ఏదో సోకిందనే అనేవారు.

బోరబండ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ గీజరు విప్పితే, బోరు నీళ్ళ ఉప్పు తెల్లగా పేరుకుని, నీళ్ళు కాచే కమ్మీ పగిలి ఉంది. కొత్తది వేసి, మూడు తీగల వైరు లాగి, పచ్చదాన్ని ఎర్తుకు కలిపాడు. టెస్టరు వెలగలేదు. కోడలు వచ్చి నల్లా మీద చెయ్యి పెట్టింది. తియ్యలేదు. నీళ్ళు పారుతున్నంతసేపూ అలాగే పట్టుకుని అత్తగారి వైపు చూసింది.

ఇంటావిడ పిల్లను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. "తాయెత్తు పనిజేసింది," అంది.

నేను వాదించాను. ఇంటాయన తల ఊపాడు, ఇంటావిడ ఊపలేదు. మా మాటలు తెగకముందే కోడలు బిడ్డను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి అబద్ధమాడలేదని, ఆమె చేతులు మంచివేనని ఆ గదిలో ఒక్కరూ ఆమెతో అనలేదు. అన్ని రోజులు బిడ్డను దూరం పెట్టినందుకు ఒక్క మాట లేదు.

గీజరు ఆపండి. ప్లగ్గు ఊడదీసి, మూడో తీగ నిజంగా ఎర్తుకు చేరిందో లేదో తెలిసినవాడితో చూపించండి. చేరకపోతే, చేరేదాకా ఆ నీళ్ళగదిలోకి ఎవరినీ పంపకండి. మీ ఇంట్లో ఏ ఆడమనిషైనా నల్లా కొరుకుతోందని ఇదివరకే చెప్పి ఉంటే, మీరు నమ్మకుండా ఉంటే, వెళ్ళి ఆమె ముందు నిలబడి "నువ్వు చెప్పింది నిజం" అనండి. అందరూ వినేటట్టు అనండి.