బొక్క ఉన్న బొమ్మ

మా అత్తగారింట్లో సరస్వతీదేవికి రెండే చేతులు. జానెడు కూడా లేని దంతపు బొమ్మ. ఒళ్ళంతా రంగులు, చీర అంచుకు బంగారు పొడి, ఒళ్ళో వీణ. మిగతా రెండు చేతులేవని కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లోనే అడిగాను. "లడాయిలల్ల ఇరిగినయ్" అంది అత్త. ఏ లడాయిలోనో ఆమెకు తెలియదు, విరిగిన గుర్తు బొమ్మ మీదా లేదు. నేను తప్ప అక్షరం ముక్క వచ్చిన ఆడది లేని ఇంట్లో సరస్వతికి రోజూ పూజ జరుగుతుంటే చేతుల లెక్క ఎవరికి కావాలని ఊరుకున్నాను.

ఊరు నకిరేకల్‌కు దగ్గర. మామ మాలీపటేలు, ఊరి శిస్తు వసూలు చేసే పెద్ద. నేను నిజాం సరిహద్దు అవతల జగ్గయ్యపేట దిక్కు పిల్లను. నా మాటకు ఆ ఇంట్లో రోజూ నవ్వులాటే.

బొమ్మ వయసు వచ్చిన మనిషి హోదాను బట్టి పెరిగేది. పట్వారి వస్తే రెండు వందల ఏళ్ళనేవాడు మామ. పట్వారి పైన ఉండే గిర్దావరు వస్తే నాలుగు వందలు. జిల్లాకంతటికీ పెద్ద అయిన తాలూక్‌దారు ఊళ్ళ తనిఖీకి దౌరా వస్తాడని తెలిసేసరికి అది ఏకంగా కాకతీయుల దాకా వెళ్ళిపోయింది.

బొమ్మ అసలు సంగతి తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది. మామ కన్నతల్లి, మేమంతా అవ్వ అనేవాళ్ళం. "నేను పుట్టిన ఏడు మా బాపు పట్నంల కొన్నడు. ఆడపిల్ల పుట్టిందని అందరు మూతులు ముడిస్తే, ఆయనొక్కడే సంబరపడి బొమ్మ తెచ్చిండు" అనేది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. కాకతీయుల నాటి దేవతను ఒక రైతు బిడ్డకు ఆటబొమ్మగా కొన్నాడంటే ఇంటి పరువేం కావాలి? అవ్వ దానికి దండం పెట్టగా నేను చూడలేదు. పూజ అయ్యాక కొంగుతో తుడిచి, మోకాళ్ళ మీద బొటనవేలితో నిమిరి మళ్ళీ పెట్టేది. పుట్టినందుకు సంతోషించిన మనిషి ఒకడున్నాడని చెప్పడానికి ఆమెకు అదొక్కటే మిగిలింది.

తాలూక్‌దారుకు నజరానా ఇవ్వాలి, అది రివాజు. దంతపు సరస్వతిని ఇస్తే చుట్టుపక్కల పటేళ్ళంతా కుళ్ళి చస్తారని మామ లెక్క.

"నా బొమ్మను నువ్వెట్ల ఇస్తవ్‌రా?" అంది అవ్వ.

"దేవుని అర్రల ఉన్నది దేవునిదమ్మా, నీదెట్లయితది?"

"దేవునిదైతే నువ్వెట్ల ఇస్తవ్?"

మామ స్నానానికి వెళ్ళిపోయాడు. జవాబు లేనప్పుడల్లా ఆయనకు స్నానం గుర్తొచ్చేది.

ఈలోగా తిరుమలగిరి అంగట్లో పక్క ఊరి పటేలు ఒక మాట వదిలాడు. అది దంతమే కాదట, ఒంటె బొక్కట. అత్తవారి దిక్కు బొక్క అంటే ఎముక. ఇక చూసుకోండి. ఎముకను దంతమని తాలూక్‌దారు చేతిలో పెడితే పటేల్గిరీకే ముప్పు. పైగా దేవుని అర్రలో ఎముకా? ఆదివారం వస్తే మూలుగబొక్కలు జుర్రుకునే ఇల్లే మాది, కానీ దేవుడి దగ్గరికి వచ్చేసరికి బొక్క మైల. దంతమైతే బొమ్మ తాలూక్‌దారుకు పోతుంది, ఎముకైతే ఊరి బయట కుప్పలో పడుతుంది. ఎటు తేలినా అవ్వ చేతికి మాత్రం రాదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది ముసలిదాని పని.

పరీక్షలు మొదలయ్యాయి. నగలు చేసే అవుసలాయన వచ్చి గీటురాయి మీద గీసి, బంగారం కాదని ధైర్యంగా తేల్చాడు. మామ సూది ఎర్రగా కాల్చి పీఠం అంచుకు అంటించి వాసన చూశాడు. "పన్ను కాలిన వాసన, దంతమే" అన్నాడు. ఎవరి పన్ను కాలితే ఎప్పుడు వాసన చూశాడో అడిగే దమ్ము ఎవరికీ లేదు. అత్తకు మాత్రం వెంట్రుక కాలిన వాసన వచ్చింది. ఎముక సంగతి ఖచ్చితంగా చెప్పగలవాడు ఊళ్ళో కటికాయన ఒక్కడే. ఆయన చేత దేవతను పట్టిస్తే మైలపడుతుందని పిలవలేదు.

ఆ వారమే పాత శాసనాల అచ్చులు తీసుకోవడానికి బెజవాడ నుంచి ఒక పంతులుగారు వచ్చి మా అరుగు మీద దిగారు. ఆయన దగ్గర భూతద్దం ఉంది. మామకు అంతకన్నా ఏం కావాలి? బొమ్మను పళ్ళెంలో పెట్టి తెచ్చాడు. నేను తలుపు చాటున నిలబడ్డాను.

"బుట్టచేతుల రవిక చూశారా పటేలు గారూ? కాకతీయుల కాలంలో ఈ కుట్టు ఎక్కడిదండీ? ఇది మన అమ్మల నాటి బొమ్మ. సరస్వతి కూడా కాదు, ఎవరో వీణ వాయించే అమ్మాయి. రంగంతా బాగానే ఉంది, మోకాళ్ళ మీద మాత్రం అరిగి తేనెరంగు ఒళ్ళు బయటపడింది. ఎవరో జీవితమంతా అక్కడే నిమిరారు."

లోపల మంచం మీద నుంచి అవ్వ గొంతు వినిపించింది. "నేను జెప్తే ఇంటిరా?"

మామ ముఖం మాడ్చుకుని, "కాలం సంగతి ఇడిసిపెట్టు పంతులూ, ఏంటితోటి చేసిండ్రో జెప్పు" అన్నాడు.

పంతులుగారు బొమ్మను తలకిందులు చేసి పీఠం అడుగు చూశారు. ముఖం వెలిగిపోయింది. "అదుగో, బొక్క! ఇంక అనుమానమే లేదండి."

"శివ శివా" అని అత్త చెంపలు వేసుకుంది.

"పక్కా బొక్కేనా?" అన్నాడు మామ.

"పక్కా బొక్కే. ఇంత చక్కని బొక్క నేను చూళ్ళేదు. మీరూ చూడండి."

మామ చూడలేదు. పళ్ళెం పక్కకు నెట్టి లేచాడు. ఆయన స్నానానికి పోతుంటే, పంతులుగారు ఖాళీ అరుగుకే పాఠం చెప్పుకుంటూ పోయారు. ఏనుగు దంతం నడిమధ్యలో నరం పోయే సన్నటి దారి ఉంటుందట, కోస్తే అది నల్లటి చుక్కలా కనిపిస్తుందట. ఎముకకైతే ఒళ్ళంతా సూదితో పొడిచినట్టు చిన్న చిన్న చుక్కలుంటాయట. నాకు నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా దిక్కు బొక్క అంటే చిల్లు. ఇక్కడ దాన్ని తూటు అంటారు. ఆయన దంతమని రుజువు చూపిస్తే, ఇల్లంతా ఎముకని విన్నది. పరాయివాళ్ళ ముందు కోడలు నోరు విప్పకూడదన్న ఆచారం ఆ ఇంట్లో పనికొచ్చింది ఆ ఒక్కరోజే.

వంటింట్లో అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఎందుకే పిల్లా గట్ల నవ్వుతున్నవ్?"

చెవిలో చెప్పాను. ముసలిది పళ్ళు లేని నోటితో, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. తర్వాత నా బుగ్గ గట్టిగా గిల్లి, "గీ ముచ్చట నీ కడుపుల్నే ఉండనియ్యి" అంది.

సాయంత్రం మామ బొమ్మను పారేయిస్తానంటే అవ్వ లేచి కూర్చుంది. "బొక్కే గద, నా దగ్గర్నే ఉండనియ్యి. నేను సచ్చినంక నా బొక్కలల్ల కలుపు."

ఆయన సరేనన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్నందుకు నాకే ఆశ్చర్యమేసింది. తాలూక్‌దారుకు పోచంపల్లి రుమాళ్ళు ఇచ్చారు, ఆయన విప్పి కూడా చూడలేదట. దేవుని అర్రలో సరస్వతి జాగాలో కొత్త పటం వచ్చింది, ఈసారి నాలుగు చేతులతో. వీణ అమ్మాయి అవ్వ పక్కలోకి చేరింది. ఎండపూట ఇద్దరూ ఒకే దుప్పట్లో పడుకుని ఉంటే చూసి నా మనసు నిండిపోయేది. అబద్ధం ఇంత మంచి పని చేస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

రజాకార్ల గడబిడ ముదరక ముందే అవ్వ పోయింది. కాలిన తర్వాత బొక్కలు ఏరి కుండలో పెట్టారు. కృష్ణలో కలపడానికి వాడపల్లి బండి సిద్ధమైంది. మామ కుండ ముందు కూర్చుని బొమ్మను తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని తలకిందులు చేసి, అడుగున ఉన్న నల్లచుక్క మీద గోరు పెట్టాడు.

"ఈ తూటును మీ దిక్కు ఏమంటరు బిడ్డా?"

"బొక్క అంటం మామా."

"ఎర్కే. నీ లగ్గం మాటలకు మీ ఊరికి అచ్చినప్పుడే ఇన్న" అన్నాడు.

తర్వాత ఆ దంతపు పిల్లను తన తల్లి బొక్కల మీద మెల్లగా పడుకోబెట్టి, కుండ మూతికి గుడ్డ కట్టాడు.