బిస్కెట్ డబ్బా తాళం

చెంగమ్మ కాలు ఒకచోట నిలవదు. షోళింగనల్లూరు ఆఫీసులు తుడిచే ఆరుగురు ఆడవాళ్లకు ఆమే యజమాని. వాళ్లు తుడిచిన అద్దాన్నే మళ్లీ కొంగుతో రుద్దుతుంది. అంతలోనే మెట్లెక్కి పై అంతస్తుకు పోతుంది. నడుముకు దోపుకున్న తాళాలను గంటకు పదిసార్లు తడుముకుంటుంది. తను కూలిగా ఉన్న రోజుల్లో ఒక మేస్త్రీ ఆమె రేషన్ కార్డు లాక్కుని రెండేళ్లు ఊరికి కదలనివ్వలేదు. అందుకే తన దగ్గర ఎవరినీ తిట్టదు, ఆదివారం పని చెప్పదు. ఆధార్ కార్డులు మాత్రం, వాళ్లుండే ఇరుకు గదిలో ఎక్కడ పోతాయోనని, తన ఇంట్లో బిస్కెట్ డబ్బాలో పెట్టి తాళం వేసింది.

శ్రీకాకుళం నుంచి వచ్చి కొత్తగా పనిలో చేరిన నూకరత్నం ఒకరోజు బకెట్ కింద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"మాయమ్మకి ఒంట్లో బాగోనేదటమ్మా. తప్పకుండా తిరిగొచ్చేత్తాను, నా కార్డు ఇప్పించండమ్మా."

"ఇదేంది మే! నీ కార్డుకి నువ్వే ఇట్టా బతిమాలతా ఉండావు?" అంటూనే చెంగమ్మ ఆగిపోయింది. ఆనాడు మేస్త్రీ ముందు తను చేతులు కట్టుకుని అన్న మాటలూ అవే.

ఆ సాయంత్రమే ఆరు కార్డులూ ఆరుగురి చేతుల్లో పెట్టి, డబ్బా తాళాన్ని నడుం నుంచి తీసేసింది. ఇప్పటికీ ఆమె చెయ్యి నడుం దగ్గరికి పోతూనే ఉంటుంది. డబ్బా తాళం తగలనప్పుడల్లా, ఒక్క క్షణం, కాలు నిలుస్తుంది.