రంగు మారిన చోటల్లా ఒక బండి

ఊరి చివర రైల్వే గేటు దగ్గర పనిచేసే ఆవిణ్ణి అందరూ గేటమ్మ అంటారు. గేటు వేసి ఉన్నప్పుడు స్కూటరు పక్కకు వంచి కిందనుంచి దూరబోయేవాళ్ళు మాత్రం ఏమీ అనరు, గప్‌చుప్‌గా వెనక్కి వెళ్తారు. ఆవిడ నోరు అలాంటిది. ఒకసారి తెల్లకారులో వచ్చిన పెద్దమనిషి ఒకాయన హారన్ కొట్టీ కొట్టీ విసిగి, అద్దం దించి, "నేనెవరో తెలుసా?" అన్నాడు. "తెలీదండీ. వచ్చే బండికి కూడా తెలీదు," అంది గేటమ్మ. ఆయన అద్దం ఎత్తేసుకున్నాడు.

అలాంటి మనిషి ఊరి ప్రదర్శనలో చేతిపనుల పోటీకి ఊలు దుప్పటి పెట్టిందంటే జనం ముక్కున వేలేసుకున్నారు. ఈవిడ చేతుల్లో జెండా చూశాం, తాళం చూశాం, అల్లిక సూదులెక్కణ్ణుంచి వచ్చాయని. వచ్చింది అత్తగారి పెట్టెలోంచి.

గేటు దగ్గర పని తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. పట్టాల పక్కన చిన్న గది. అందులో ఒక స్టూలు, గోడకు ఫోను, మూలన చుట్టిపెట్టిన జెండాలు. స్టేషన్ నుంచి ఫోను మోగిందంటే బండి రాబోతోందని. ఆవిడ బయటికెళ్ళి చక్రం తిప్పి గేటు దించి, తాళం వేసి, తిరిగొచ్చి ఫోనులో "గేటు వేశాను" అని చెప్పాలి. ఆ మాట చెవిన పడేదాకా స్టేషన్ మాస్టరు బండిని వదలడు. బండి వెళ్ళాక గేటు ఎత్తాలి. ఇక మళ్ళీ ఫోను మోగేదాకా ఏ పనీ ఉండదు. ఆ ఖాళీయే గేటమ్మకు పడలేదు. ఆవిడకు ముందున్నాయన కునుకు తీసేవాడు. ఈవిడ చేతులు కట్టుకుని కూర్చోగలిగే మనిషి కాదు, కూర్చుంటే ఎవరితోనో ఒకరితో తగువు పెట్టుకుంటుంది.

అల్లిక నేర్పింది అత్తగారు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తల్లో ఇద్దరికీ క్షణం పడేది కాదు. అల్లిక మొదలుపెట్టాక కూడా పడలేదు గానీ, దెబ్బలాడుకోవడానికి ఒక మంచి విషయం దొరికింది. కోడలు సూదులు గేటుకు పట్టుకెళ్తానన్న రోజున మాత్రం ముసలావిడ ఒంటికాలి మీద లేచింది.

"అల్లేవాళ్ళ రోగం నాకు తెలుసే. పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, ఈ ఒక్క వరస అయ్యాక లేద్దామనుకుంటారు. నేనెన్ని పాలు పొంగబెట్టానో మీ మావయ్యకే తెలుసు. పాలైతే తుడుచుకుంటాం. అక్కడ పోయేది పాలు కాదు."

"అయితే వద్దంటారా?"

"వద్దన్లేదు. ఫోను మోగితే సూది ఎక్కడుంటే అక్కడే ఆపు. కుట్టు సగంలో ఉన్నా సరే. ఆపిన చోటే ఊలు తెంపు. బండి పోయాక వేరే రంగు అందుకో. సాయంత్రం నేను చూస్తా. రంగు ఎప్పుడూ వరస చివరే మారుతోందనుకో, నువ్వు వరస పూర్తి చేసుకుని తీరిగ్గా లేస్తున్నావన్నమాట. అప్పుడు నీ సూదులు పొయ్యిలో పెడతా."

గేటమ్మకు కోపం వచ్చింది. తనని నమ్మలేదని వచ్చింది. మూడు రోజులు అత్తతో మాట్లాడలేదు. కానీ నాలుగోనాడు అల్లుతూ ఉండగా ఫోను మోగింది, ఆ వరసలో ఇంకో జానెడే మిగిలింది. చేయి ఆగనంటోంది. ఈ జానెడూ అల్లేస్తే ఏం పోయింది అని ఎవరో చెవిలో అన్నట్టే అనిపించింది. ఊలు పుటుక్కున తెంపి బయటికి పరిగెత్తింది. ఆ సాయంత్రం అల్లిక తెచ్చి అత్త ఒళ్ళో పడేసింది. ముసలావిడ ఆ తెగిన చోట వేలు పెట్టి తడిమి, తిరిగి ఇచ్చేసింది.

ఆ రోజునుంచి అదే పద్ధతి. కుట్లు జారకుండా సూదుల మొనలకు సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగేది. కొట్లో మిగిలిపోయిన ఊలు ఉండలు ఏ రంగువి దొరికితే అవి తెచ్చేది. దుప్పటి పెరిగింది. ఎరుపు ఒకచోట అరచేతి వెడల్పున హాయిగా సాగి, హఠాత్తుగా వరస మధ్యలో ఆగి నీలానికి దారిచ్చేది. పసుపు ఇంకోచోట నాలుగు కుట్లకే తెగిపోయింది. వెనకవైపు ప్రతి మార్పు దగ్గరా ఒక చిన్న ముడి. ఆ ముడులన్నీ గేటమ్మకు ముద్దొచ్చేవి, ఎందుకో ఎవరికీ చెప్పేది కాదు.

పోటీలో మొదటి బహుమతి వచ్చిన వస్తువును ఏడాది పొడుగునా టౌన్‌హాలు గుమ్మం పక్కన అద్దాల బీరువాలో పెడతారు. గేటమ్మకు కావలసింది అదే. పన్ను కట్టడానికీ, పుట్టిన సర్టిఫికెట్టుకీ, పోయిన సర్టిఫికెట్టుకీ ఊళ్ళో ప్రతివాడూ ఆ గుమ్మం ఎక్కాలి. గేటు దగ్గర తనను రోజూ తిట్టిపోసే ఊరు ఏడాదంతా తన దుప్పటి ముందునుంచి నడవాలి. ఈ కోరిక మంచిదో చెడ్డదో ఆవిడ ఆలోచించలేదు. ఉందంతే.

ఆ పోటీకి ఒక ఆనవాయితీ ఉంది. మొదటి రోజు న్యాయనిర్ణేతలు అన్నీ చూసి, ప్రతి వస్తువుకూ ఒక చీటీ గుచ్చుతారు, ఏం లోపమో రాసి. కావాలంటే వస్తువును ఇంటికి తీసుకెళ్ళి సరిచేసుకుని మర్నాడు తేవచ్చు. అసలు మార్కులు అప్పుడే. పెద్ద న్యాయనిర్ణేత చాలాకాలం బడిలో కుట్టుపని నేర్పిన పంతులమ్మ. ఆవిడ దుప్పటిని ముందూ వెనకా తిప్పి చూసి ఇలా రాసింది: "అల్లిక ఇంత సమంగా ఉన్నది ఈ ఏడు ఇంకోటి లేదు. చారలే అస్తవ్యస్తం. వరస మధ్యలో రంగు మారుతోంది. సరిచేస్తే మొదటి బహుమతికి నిలుస్తుంది."

గేటమ్మ భర్త ప్రెస్సులో పుస్తకాలు బైండు చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి, సూదీ దారం చేతికిస్తే మాత్రం ఎంతటి చిరుగైనా కనపడకుండా చేస్తాడు. ఆ చీటీ చదవగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"దీనికేముంది. తెగిన చోట పక్క రంగు ఊలుతో కుట్టు మీద కుట్టు వేసుకుంటూ వరస చివరిదాకా పోతే సరి. కింద రంగు కనపడదు. ముగ్గురం కూర్చుంటే పొద్దుపోయేలోగా అయిపోతుంది."

"వద్దు," అంది గేటమ్మ, డ్యూటీ చీర మార్చుకుంటూ.

ఆవిడ కూరగాయలకు వెళ్ళొచ్చేసరికి ఆయన గుమ్మం దగ్గర వెలుతురులో దుప్పటి ఒళ్ళో వేసుకుని ఒక చోట కుట్టేశాడు. పసుపు నాలుగు కుట్లకే తెగిన చోటది. ఇప్పుడు పసుపు ఈ అంచునుంచి ఆ అంచుదాకా బుద్ధిగా నడుస్తోంది. గేటమ్మ వంగి చూసింది. ఎంత వెతికినా అతుకు కనపడలేదు. అద్దాల బీరువా, దాని తాళం, లోపల వేలాడే దుప్పటి, అన్నీ ఒక్కసారి కళ్ళముందు కనపడ్డాయి.

"బాగుంది కదూ," అన్నాడాయన, ఆశగా.

"చాలా బాగుంది," అంది గేటమ్మ. ఆ తర్వాత కత్తెర తీసుకుని, ఆయన వేసిన కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. "ఇక్కడ ఏం జరిగిందో తెలుసా మీకు? అప్పుడే గేటు ఎత్తొచ్చి కూర్చున్నాను. నాలుగు కుట్లు వేశానో లేదో మళ్ళీ ఫోను. స్కూలు పిల్లల రిక్షా అప్పుడే పట్టాల మీదికి ఎక్కబోతోంది. ఆపాను. ఇప్పుడు మీరు కుట్టిందాన్ని చూస్తే నేనక్కడ కూర్చుని వరసంతా తాపీగా అల్లుకున్నట్టుంది."

"అది మనకు తెలుసు కదా. చూసేవాళ్ళకెందుకు?"

"చూసేవాళ్ళకే చీటీ రాసి చెప్తాను."

ఆయన సూది కింద పెట్టాడు. "ఏమని చెప్తావ్? డ్యూటీలో కూర్చుని అల్లుతున్నానని ఊరందరి ముందూ నీ చేత్తో నువ్వే రాసిస్తావా? ఎవడో ఒకడు స్టేషన్‌కి మోస్తాడు. ఉద్యోగం పోతే బహుమతి నెత్తిన పెట్టుకుంటామా? అమ్మా, నువ్వైనా చెప్పు."

మంచం మీంచి అత్తగారు మోకాళ్ళు రుద్దుకుంటూ అంది, "నేను చెప్పాల్సింది ఆ దుప్పటి మొదలుపెట్టిన రోజే చెప్పాను. నువ్వు నోరు మూసుకుని ఆ కూరగాయలు తరుగు."

మర్నాడు దుప్పటి ఎలా వెళ్ళిందో అలాగే ప్రదర్శనకు తిరిగొచ్చింది, పక్కన గేటమ్మ రాసిన ఇంకో చీటీతో సహా. పెద్ద అక్షరాలతో రాసింది, దూరంనుంచి కూడా కనపడాలని: "ఇది గేటు గదిలో అల్లింది. రంగు మారిన చోటల్లా ఒక బండి వెళ్ళింది. ఫోను మోగగానే ఆపాను. ఒక్క వరస కోసం ఏ బండినీ ఆపలేదు. సరిచేయను."

ఒక పక్కన అగ్గిపుల్లల గడియారస్తంభం, ఇంకో పక్కన సబ్బుతో చెక్కిన ఏనుగు. వాటి మధ్య నడుముకు చేతులు పెట్టుకుని నిలబడింది గేటమ్మ. పంతులమ్మ ఆగి, కళ్ళజోడు సర్దుకుని, చీటీ రెండుసార్లు చదివింది.

"చెప్పాను కదమ్మా నిన్న."

"చెప్పారండీ. విన్నాను. ఆలోచించాను కూడా. చేయనన్నాను."

పంతులమ్మ కోప్పడలేదు. "నువ్వు రాసింది నిజమే అయ్యుంటుంది. కానీ నేను చారలకు మార్కులు వేయాలి, కారణాలకు కాదు. కారణాలకు వేయడం మొదలుపెడితే ఇక్కడ అందరికీ కారణాలున్నాయి."

"వేయకండి," అంది గేటమ్మ. "చీటీ మాత్రం తీయను."

"తీయమని నేనన్లేదు," అని పంతులమ్మ ముందుకు సాగింది. మొదటి బహుమతి అగ్గిపుల్లల గడియారస్తంభానికి వెళ్ళింది. గేటమ్మ చప్పట్లు కొట్టింది గానీ, ఇంటికి నడిచే దారంతా పళ్ళు బిగబట్టుకునే ఉంది. బాధ లేదని చెప్తే అబద్ధం.

భర్త భయపడ్డట్టే అయింది. మోసేవాళ్ళు మోశారు. రెండ్రోజులకే స్టేషన్‌కి రమ్మని కబురొచ్చింది, దుప్పటి తీసుకురమ్మని కూడా. స్టేషన్ మాస్టరుకూ ఆవిడకూ ఇన్నేళ్ళ పరిచయమూ ఫోను తీగ మీదే. ఎదురుగా చూస్తే ఆయన గొంతుకంటే చాలా పొట్టిగా ఉన్నాడు.

"డ్యూటీలో అల్లుతున్నారని ఫిర్యాదొచ్చింది," అన్నాడాయన.

"నిజమే సార్."

ఆయన కాదంటుందనుకున్నట్టున్నాడు. దుప్పటి బల్ల మీద పరిపించాడు. అది బల్లంతా నిండి అటూ ఇటూ వేలాడింది. ఆయన నిదానంగా చూశాడు, వెనక్కి తిప్పి ముడులు చూశాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఇక్కడ వరస చివరే మారింది."

"బండి అప్పుడే వచ్చింది సార్. ఒక్కోసారి అలా కుదురుతుంది. మా అత్త కూడా ఇదే అడిగింది, చెబితే నమ్మలేదు."

"మరి?"

"మర్నాడు ఆ మోకాళ్ళ నొప్పులతో వచ్చి సాయంత్రం దాకా గేటు దగ్గర కూర్చుంది. నన్నే చూస్తూ."

స్టేషన్ మాస్టరు మీసం కింద ఏదో కదిలింది. వెంటనే గొంతు సవరించుకున్నాడు. "రూలు ప్రకారం అల్లకూడదని నేను చెప్పాలి. చెప్పాను."

"విన్నాను సార్."

"మానేస్తారా?"

"మానను. చాటుగా కూడా అల్లను. గేటు ఒక్కసారి ఆలస్యమైతే చెప్పండి, సూదులు తెచ్చి మీ బల్ల మీద పెట్టి ఇంటికి పోతాను."

ఆయన దుప్పటి మడతపెట్టబోయాడు, చేతకాలేదు, అలాగే ఉండ చుట్టి ఆవిడ చేతికిచ్చాడు. "ఆలస్యమైతే పిలుస్తాను," అన్నాడు. "ఈలోగా ఫోనులో నాకు ఎవరి చేతులూ కనపడవు."

ఆ మర్నాడే గేటమ్మ గేటు గది కిటికీ బయట ఒక తీగ కట్టి దుప్పటిని రోడ్డు వైపు ఆరేసింది, చీటీతో సహా. దుమ్ము పడుతుందని అత్తగారు గొణిగింది, పడితే ఉతుక్కుంటామంది కోడలు. టౌన్‌హాలు బీరువా ముందు ఆగేవాళ్ళు ఆగుతారు, ఆగనివాళ్ళు తమ దారిన తాము పోతారు. ఇక్కడ గేటు వేసి ఉంటే ఎంతటివాడైనా ఆగాల్సిందే, ఆగాక చూడ్డానికి ఎదురుగా ఇంకేమీ లేదు.

ఒకరోజు గేటు వేసి ఉండగా తెల్లకారు వచ్చి ఆగింది. హారన్ మోగింది. మోగీ మోగీ ఆగిపోయింది. కాసేపటికి అద్దం దిగింది.

"ఆ చారలేమిటి అలా తెగిపోయి ఉన్నాయి?" అని అడిగాడు పెద్దమనిషి, చీటీ చదువుతూనే. "వీటిలో మా కారు ఆగిన రోజులు కూడా ఉన్నాయా?"

"ఉన్నాయండీ," అంది గేటమ్మ, వచ్చే బండి వైపే చూస్తూ, జెండా దించకుండా. "మీరు నన్ను తిట్టిన ప్రతిసారీ ఒక రంగు మారింది. బండి అటు పోయింది, మీరు ఇటు నిక్షేపంగా ఉన్నారు."

బండి వచ్చింది. ఆ చప్పుడులో ఆయన ఏమన్నాడో వినపడలేదు. అది దాటాక ఆవిడ తాళం తీసి గేటు ఎత్తి, లోపలికి వెళ్ళి, స్టూలు మీద సగంలో ఆగిన కొత్త అల్లిక తీసుకుని, పచ్చ ఊలు పక్కన పెట్టి నారింజ అందుకుంది.