ఆయిల్ దిగేదాకా

నిన్న గుండ్లపోచంపల్లిలో గోదాము కోసం బండ కొడుతున్నచోట కాగిన ఆయిల్ వాసనకు ఆగిపోయాను. అది మా నాయిన చొక్కా వాసన.

నాయిన కంప్రెసర్ ట్రాక్టరుతో బావుల్లో బండ తొలిచేవాడు. నా చిన్నప్పుడు ఓ ఎండాకాలం లాల్‌గడి మలక్‌పేట్‌లో మిషన్ వేడెక్కి ఆగిపోయింది. లోపల ఆయిల్ తిరగడం లేదన్నాడు. ఫిల్టర్ మార్చి, కూలర్‌కు పట్టిన రాతిదుమ్ము కడిగి, కొత్త ఆయిల్ పోశాడు. కాసేపు నడిపి ఆపాడు. ఆయిల్ ట్యాంకుకున్న చిన్న అద్దం వెనక తేనెరంగు నురగ తేలుతోంది.

"ఆయిల్ కిందికి దిగాలె బిడ్డా. లొల్లి జేస్తే దిగది. నువ్వు సూస్తుండు" అని ట్రాక్టరు నీడలో ఒరిగాడు.

ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాను. నురగ మబ్బులా మెల్లగా కరిగిపోయింది. ఎంత దిగితే దిగినట్టో నాకు తెలియదు.

బావి తవ్విస్తున్న పటేల్ కేకలేస్తూ వచ్చాడు. "ఏందిరా, ఇంకా షురూ జెయ్యలే?"

"ఒర్రకు పటేలా! ఆయిల్ దిగది" అన్నాను.

ఆయన అద్దం వైపు చూడలేదు. నిద్రలో ఉన్న నాయిన ముఖం చూశాడు. కిర్రుచెప్పులు విడిచి చేత పట్టుకొని వెనక్కి నడిచాడు.

నిన్న అక్కడి కంప్రెసర్ ఆపరేటర్‌ను అడిగాను, ఆయిల్ దిగడానికి ఎంతసేపు పడుతుందని.

"పది నిమిషాలు మేడమ్."

ఆ రోజు నేను పొద్దు వాలేదాకా కావలి కాశాను.