రామస్వామి సారు బండికి లైను

దానియేలు కుడిచేతి మూడు వేళ్లకు స్పర్శ పోయి నాలుగేళ్లయింది. అయిజ దగ్గర కరెంటు స్తంభమెక్కి కాంట్రాక్టు పని చేస్తుండగా, ఆపామన్న లైనులోకి ఎవరో కరెంటు వదిలారు. ప్రాణం దక్కింది, చెయ్యీ దక్కింది. ఆ మూడు వేళ్లకు మాత్రం వేడీ చల్లనా ఏదీ తెలియకుండా పోయింది. చూడ్డానికొచ్చిన చుట్టాలు "నొప్పి లేదు గద" అనేవాళ్లు. లేదని తలూపేవాడు. నొప్పే కాదు, అప్పటినుంచి సంతోషం, కోపం కూడా ఎక్కడో పక్కింట్లో జరుగుతున్నట్టే ఉండేవి.

ఇప్పుడు ఇళ్లల్లో వైరింగు పనులకు పోతున్నాడు. భార్య నిరోష వెంట వస్తుంది. పత్తి సీడు చేలల్లో మొగ్గలు ఒలిచిన వేళ్లు ఆమెవి. సన్న స్క్రూలు బిగించడం, తీగ ఒలవడం ఆమె పని. ఎక్కడ ఏది కలపాలో చెప్పడం అతని పని.

ఆ వేసవిలో గద్వాల నుంచి రామస్వామి సారు పిలిచాడు. రిటైరైన టీచరు. పాత స్కూలు వ్యాను కొని, లోపల మంచం, పొయ్యి, ఏసీ పెట్టించుకున్నాడు. భార్యతో కలిసి ఊళ్లు తిరగాలని ఆయన ముచ్చట. బయల్దేరేలోపు బండి వాకిట్లోనే ఉంటుంది కాబట్టి, ఇంటి బోర్డు నుంచి దానికి విడిగా ఒక లైను కావాలి.

పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అయింది. బోర్డులో కొత్త స్విచ్చు, గోడ వెంట పైపులో లావు వైరు, వాకిట్లో పెద్ద సాకెట్టు. ఎర్తు ఉందా అని దానియేలు అడిగాడు.

"ఇల్లు కట్టినప్పుడే ఏయించిన" అన్నాడు సారు.

మామూలుగానైతే లైనుకూ ఎర్తుకూ మధ్య ల్యాంపు పెట్టి, వెలుగుతుందో లేదో చూసేవాడు. ఆరోజు చూడలేదు. బండి వైరు సాకెట్లో పెట్టి, ఏసీ నడిపించి, తలుపు పిడి పట్టుకుని లోపలికి తొంగి చూశాడు. చల్లగాలి వస్తోంది. "అయిపోయింది సార్" అన్నాడు.

వేడి తగ్గాలని సారు భార్య అప్పుడే వాకిట్లో నీళ్లు చల్లింది. నిరోష చెప్పులు అరుగు దగ్గర విడిచి, సామాను తీసుకుందామని తడి నేల మీద నడిచి వచ్చి అదే పిడి పట్టుకుంది. కేక వేసి వెల్లకిలా పడింది.

దానియేలు పరుగెత్తలేదు. నడిచిపోయి మెయిన్ ఆపి, ఆ తర్వాత ఆమె దగ్గరికొచ్చాడు.

"ఊపిరి ఆడుతుందా?" పని ఎంతవరకొచ్చిందని అడిగినట్టే ఉంది ఆ గొంతు.

ఆమె ఏడుస్తూ లేచి కూర్చుంది. "నువ్వు పట్టుకుంటివి గద. నీకేం కాలేదా?"

"తెల్వలే."

కాళ్లకు రబ్బరు చెప్పులుండబట్టా, వేళ్లు అట్లా ఉండబట్టా, అతనికే అర్థం కాలేదు.

చూస్తే ఎర్తు తీగ గోడ అవతల తుప్పు పట్టి తెగిపోయి ఉంది. ఏసీలో కారుతున్న కరెంటు పోవడానికి దారిలేక బండి ఒంటికంతా పాకింది. దానియేలు గడ్డపార తీసుకుని గుంట తవ్వాడు. పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పోసి, కొత్త తీగ లాగి, ఈసారి ల్యాంపు పెట్టి చూశాడు. షాకు కొడితే దానంతటదే పడి లైను ఆపేసే స్విచ్చు కూడా బజారు నుంచి తెచ్చి పెట్టాడు. సారు పరేషానై వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయన భార్య నిరోషను దవాఖానకు తీసుకుపోయి చూపించింది. భయం లేదన్నారు.

సాయంత్రం ఊరికి తిరిగిపోయే అయిజ బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నిరోష చెయ్యి నిమురుకుంటూ అడిగింది.

"నేను పడ్డప్పుడు భయమైందా నీకు?"

దానియేలు ఆలోచించాడు. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"కాలే. ఇప్పుడు భయం కావాలె గదా అనుకున్న."

నిరోష టిఫిన్ డబ్బా తీసి, మిగిలిన జొన్నరొట్టె రెండు ముక్కలు చేసి, ఒకటి స్పర్శ తెలిసే అతని ఎడమచేతిలో పెట్టింది.